దిగేటప్పటి రీడింగు

కిందటి వారం గాజువాక నుంచి షేర్ ఆటోలో వస్తుంటే నా పక్కన ఒక పెద్దాయన ఇరుక్కుని కూర్చున్నాడు. ఆయన మెడ దగ్గర్నుంచి నొప్పుల మందు వాసన వచ్చింది. కర్పూరం, పిప్పరమెంటు, వాటి వెనక కాస్త చెమట. ముందు ముక్కుకు చల్లగా తగిలి, ఆ తర్వాత కళ్ళలోకి మంటగా ఎక్కే వాసన. రోడ్డు మీద దుమ్ము, డీజిలు పొగ అన్నీ ఉన్నాయి. అయినా నాకు అదొక్కటే తెలిసింది. నేను దిగాల్సిన చోటు దాటిపోయి, రెండు స్టాపుల తర్వాత దిగాను. వెనక్కి నడిచినంతసేపూ మనసులో సింహాద్రి గారే ఉన్నారు.

ఆయన నా మొదటి ఫోర్‌మన్. ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమా చేసి, పోర్టు వైపు యంత్రాల నిర్వహణ చూసే ఒక కాంట్రాక్టు కంపెనీలో చేరినప్పుడు నాకు ఇరవై ఒకటి. మా నాన్న పోర్టు ఉద్యోగానికి గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను విశాఖలోనే పెరిగినా ఇంటి యాస పోలేదు. సింహాద్రి గారి ఊరు తగరపువలస దగ్గరి పద్మనాభం. నేను ‘ఆయ్’ అన్నప్పుడల్లా “ఏటి గోదారి బాబూ, పడవ దిగినావేటి?” అనేవారు. ఆయన చదువు పదో తరగతి, ఆ తర్వాత ఐటీఐ. కానీ ప్రెషర్ గేజీ మూత తీసి, లోపల వెంట్రుకంత సన్నగా ఉండే స్ప్రింగును పట్టకారుతో సరిచేసేటప్పుడు ఆయన కుడిచేతిని చూడటానికి మేమందరం పనులు ఆపేసేవాళ్ళం.

మా పని చెప్పడానికి తేలిక. పంపుల దగ్గరా పైపుల మీదా ఉన్న గేజీలను విప్పి తెచ్చి, ఒక నికార్సైన గేజీ పక్కన పెట్టి, ఒత్తిడి పెంచుతూ రెండూ ఒకేలా చూపిస్తున్నాయో లేదో రాయాలి. తేడా హద్దులో ఉంటే స్టిక్కరు అంటించి సంతకం పెట్టాలి. మొదటి రోజు నేను సున్నా నుంచి వంద దాకా పెంచుతూ ఐదు చోట్ల చదివి, చక్కగా గడులు గీసి రాసి, అయిపోయిందన్నాను.

“ఏటైపోయింది? సగం పనే అయింది. ఇప్పుడు దించు.”

“దించినా అదే కదండీ వస్తుంది?”

“దించి సూడు. తర్వాత మాటాడు.”

దించాను. పెంచేటప్పుడు యాభై దగ్గర యాభై చూపించిన ముల్లు, దించేటప్పుడు అదే చోట యాభై మూడు దగ్గర ఆగింది. ఆయన నా భుజం మీదుగా తొంగి చూసి, “ఎక్కినప్పుడు అందరూ బాగానే సూపిత్తారు బాబూ. దిగినప్పుడు సూడాల,” అన్నారు. కాలేజీలో మూడేళ్ళు చదివిన పాఠమే అది. దాని పేరు, నిర్వచనం, గ్రాఫు నాకు కంఠతా వచ్చు. ముల్లు అలా ఆగడం మాత్రం ఆ రోజే చూశాను.

నేను చేరిన మూడో ఏట ఆయన పడిపోయారు. కన్వేయర్ పక్కన పాత ప్లాట్‌ఫారం మీద నిలబడి పని చేస్తుంటే కాలి కింద ఇనుప జాలీ పలక పక్కకు జరిగింది. పదడుగుల ఎత్తు నుంచి కుడిభుజం మీద పడ్డారు. ఆపరేషన్ అయింది, ఎముక అతుక్కుంది. కానీ మెడ నుంచి చేతికి వచ్చే నరం పూర్తిగా కోలుకోలేదు. ఆ దెబ్బలోని చిక్కు ఏమిటంటే, పొద్దున్న లేచేసరికి చెయ్యి మామూలుగానే ఉండేది. గంట పని చేయిస్తే వేళ్ళు మొద్దుబారేవి. రెండు గంటలైతే పట్టుకున్నది ఎప్పుడు జారిపోతుందో ఆయనకే తెలిసేది కాదు. ఎక్స్‌రేలో అది కనిపించదు. మెడకూ భుజానికీ ఎప్పుడూ నొప్పుల మందు రాసుకునే ఉండేవారు. విశాఖలో అద్దె ఇల్లు ఖాళీ చేసి, భార్య రత్నమ్మ గారితో పద్మనాభం వెళ్ళిపోయారు.

ఎనిమిది నెలల సెలవు తర్వాత మెడికల్ బోర్డు నుంచి పిలుపొచ్చింది. కార్మికుల బీమా కింద ఆయనకు ఎంత శాశ్వత నష్టం జరిగిందో ఆ బోర్డే తేల్చాలి. నష్టం ఉందని రాస్తే నెలనెలా భృతి వస్తుంది, ఎత్తులో పని తప్పుతుంది. పనికి అర్హుడని రాస్తే భృతి లేదు, వెంటనే డ్యూటీలో చేరాలి. చేరకపోతే ఉద్యోగం పోతుంది. ఆయన డ్యూటీ అంటే నిచ్చెనలు, ముప్పై అడుగుల ఎత్తులో స్పానర్లు, కింద నడిచే మనుషులు. “అన్నం సంగతి ఎలాగోలా అవతాది గాని,” అన్నారు నాతో, “స్పానరు జారి ఎవుడి బుర్ర మీదో పడిపోతే?” ఆయన భయం అది. అప్పటినుంచి నా భయం కూడా అదే.

మొదటిసారి బోర్డుకు నేనూ వెళ్ళాను. ఆయన తెల్లవారకముందే లేచి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. తగరపువలస మీదుగా రెండు బస్సుల ప్రయాణం, చెయ్యి ఓర్చుకోలేదని నొప్పి మాత్ర కూడా వేసుకున్నారు. లోపలికి వెళ్ళి ఐదు నిమిషాల్లో బయటకు వచ్చారు. డాక్టరు రెండు వేళ్ళు ఇచ్చి గట్టిగా పట్టుకోమన్నారట. ఈయన పట్టారు. “అబ్బో, గట్టి మనిషివే!” అని ఆయన నవ్వారట.

“అంత గట్టిగా ఎందుకు పట్టారండీ?” అన్నాను. నాకు కోపం వచ్చింది.

“మరేటి సెయ్యమంటావు? పెద్ద డాక్టరు. సెయ్యిచ్చాడు. ఈలయినంత గట్టిగా పట్టుకోపోతే మర్యాద కాదు కదేటి.”

ఆస్పత్రి బయట టీ తాగుతుంటే ఆయన చేతిలోంచి గ్లాసు జారి పగిలింది. ఈయన వంగి, ఎడమచేత్తో గాజు ముక్కలన్నీ ఏరి, ఆ తర్వాతే లేచారు. పది రోజులకు కాగితం వచ్చింది. పనికి అర్హుడు అని ఉంది.

అప్పీలు చేసుకునే హక్కు ఉందని, అది తేలేదాకా డ్యూటీలో చేరనక్కర్లేదని ఆ కాగితం అడుగునే సన్న అక్షరాల్లో ఉంది. నాకు తెలిసిన పని ఒక్కటే, అదే చేశాను. పాత బీపీ మిషను రబ్బరు బుడగ తీసి, ఒక చిన్న గేజీకి బిగించాను. బుడగను పిడికిట్లో నొక్కితే ఎంత బలమో ముల్లు చెబుతుంది. దానితో పాటు ఒక పట్టిక: తేదీ, టైము, అప్పటిదాకా చేసిన పని, రీడింగు, జారిపోయిన వస్తువులు. రోజుకు నాలుగుసార్లు చొప్పున ఇరవై ఒక్క రోజులు. కొలత సింహాద్రి గారిది, రాత రత్నమ్మ గారిది. మూడు ఆదివారాలు నేను పద్మనాభం వెళ్ళి చూసొచ్చాను. “ఈ మడిసి కంటే ఆ బుడగే నయం బాబూ. దాన్ని నొక్కితే నిజం సెప్తాది. ఈయన్ని నొక్కితే ‘బానే ఉంది’ అంటాడు,” అనేవారు ఆవిడ.

కాగితాల నిండా ఒకటే కథ. పొద్దున్న ఏడింటికి ముల్లు పైన, పదింటికి సగం, సాయంత్రం నాలుగింటికి అడుగున. ఒక్క పదమూడో రోజు మాత్రం నాలుగింటికి కూడా రీడింగు పొద్దుటంత బాగా ఉంది. ఆ రోజు అల్లుడు వచ్చాడని ఈయన ఏ పనీ చేయకుండా కూర్చున్నారు. ఆ వరస తీసేసి, ఇరవై రోజులని రాద్దామన్నాను. బోర్డువాళ్ళు అదొక్కటే పట్టుకుంటారని నా భయం.

“ఆ రోజు గేజీకి సెలవేటి?” అన్నారాయన.

“కాదండీ, మనకు చెడుపు చేస్తుంది.”

“సేత్తే సెయ్యనీ. మంచి రోజు పీకేసిన కాగితం మీద నాను సంతకం ఎట్టను. ఇన్నేళ్ళలో ఒక్క దొంగ స్టిక్కరు అంటించలేదు. నా సేతికి నానే అంటించుకుంటానేటి?”

గొంతు పెంచలేదు. నేను సిగ్గుపడి ఆ వరస అలాగే ఉంచాను. ద్వారకా నగర్‌లో నాలుగు కాపీలు తీయించాను.

రెండోసారి పిలుపు వచ్చినప్పుడు ఆయనకు రెండు షరతులు పెట్టాను. మాత్ర వేసుకోకూడదు. గడ్డం గీసుకోకూడదు. మొదటిది ఒప్పుకున్నారు. “గడ్డంతో ఎల్తే పొగరనుకుంటారు,” అని రెండోది కొట్టేశారు. తొమ్మిదింటికి ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. అక్కడ పాతికమంది దాకా ఉన్నారు. నడుముకు బెల్టు, చంకలో కర్ర, ఎక్స్‌రే కవర్లు. పక్కనున్న ఒక మనిషి ఫారం ఇచ్చి, కాస్త రాసిపెట్టమని ఆయన్నే అడిగాడు. ఆయన రాసిచ్చారు. వెనకాల ఇంకొకరు వచ్చారు. నేను రాస్తానని చెయ్యి చాపితే, “నువ్వు కూకో. నాకు తోసట్లేదు,” అన్నారు. మూడో ఫారానికి అక్షరాలు గీత మీద నిలవలేదు. నాలుగోది సగంలో ఉండగా పెన్ను కిందపడింది. దాన్ని తీసి, మిగతాది నేను పూర్తి చేశాను. ఆయన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, దాన్ని రెండో చేత్తో కప్పుకున్నారు.

ఒంటిగంటన్నరకు పిలిచారు. ఈసారి లోపల ఒక లేడీ డాక్టరు ఉన్నారు. నన్ను కూడా రానిచ్చారు. ఆవిడ పట్టిక మొదటి నుంచి చివరి దాకా చదివారు. వేలు సరిగ్గా పదమూడో రోజు మీద ఆగింది.

“ఈ రోజు బాగానే ఉందే?”

“ఆ రోజు పని సెయ్యలేదమ్మా. అల్లుడొచ్చాడు. కూకున్నాను.”

ఆవిడ తల ఊపి, చొక్కా విప్పించి, భుజం, మెడ, వేళ్ళు పరీక్షించారు. తర్వాత కుర్చీలో కూర్చుని, “చొక్కా వేసుకోండి,” అని ఏదో రాసుకోసాగారు.

ఆయన వేసుకున్నారు. మొదటి బొత్తాం పట్టుకున్నారు, అది జారింది. మళ్ళీ పట్టుకున్నారు. అలవాటు కొద్దీ కుడిచెయ్యే ముందుకు వెళుతోంది. బొటనవేలు, చూపుడువేలు దగ్గరకు వస్తున్నాయి కానీ వాటి మధ్య బొత్తాం ఉందో లేదో వాటికి తెలియడం లేదు. నేను లేచాను. “మీరు ఆగండి,” అన్నారు డాక్టరు, మెల్లగానే. రాయడం ఆపి చూస్తున్నారు. ఒక బొత్తాం పడింది. రెండోది పడలేదు. సింహాద్రి గారు మా ఇద్దరికీ వీపు పెట్టి, గోడవైపు తిరిగి నిలబడ్డారు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. గేజీ లోపలి స్ప్రింగును సరిచేసిన మనిషి ఆయన. ఆ వీపు వైపు ఎంతసేపు చూశానో నాకు తెలియదు. ప్రతిదీ టైము చూసి రాసుకునే నేను, ఆ రోజు వాచీ చూసుకోలేదు.

“చాలండీ. కూర్చోండి,” అన్నారావిడ. ఆ గొంతులో దయ ఉంది. ఆ దయ వినగానే ఆయన తల ఇంకా కిందకు వంగింది.

బోర్డు ఆయనకు శాశ్వత నష్టం ఉందని రాసింది. ఎత్తులో పని చేయించకూడదని కూడా రాసింది. మేం కోరుకున్నదంతా వచ్చింది. కానీ అది తర్వాతి సంగతి. ఆ మధ్యాహ్నం బస్సులో ఆయన కిటికీలోంచి బయటకే చూస్తూ కూర్చున్నారు. నేను భృతి వచ్చేస్తుందనే ధైర్యంతో ఏవేవో చెబుతూ పోయాను. తగరపువలసలో బస్సు మారడానికి దిగినప్పుడు అన్నారు:

“ఆయమ్మ మంచిది బాబూ. నువ్వూ మంచోడివే. నీ కాగితంలో అన్ని గడులూ ఉన్నాయి. నాను గోడకేసి తిరిగాను సూడు... అది రాసుకోడానికే గడి లేదు.”

పద్మనాభం బస్సు వచ్చింది. ఆయన ఎడమచేత్తో కడ్డీ పట్టుకుని ఎక్కారు. ఆ తర్వాత నాలుగేళ్ళు బతికారు. ఊళ్ళో పిల్లలకు సైకిలు పంచరు ఎలా వెయ్యాలో పక్కన నిలబడి నోటితో చెప్పి చేయించేవారట. కిందటి ఏడాది గుండెజబ్బుతో పోయారు.

ఇప్పుడు నా కింద పదకొండుమంది పని చేస్తున్నారు. దెబ్బ తగిలి సెలవు మీద వెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చినప్పుడు, వాళ్ళు ఏ పని చెయ్యగలరో నేను చూసి సంతకం పెట్టాలి. దానికి ఫారం నేనే తయారు చేశాను. పొద్దున్న ఒకసారి, పని మీద ఉండగా ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి చూస్తాను. అన్నీ రాస్తాను, మంచివీ చెడ్డవీ. అంతా అయ్యాక అడుగున పేరు పెట్టని గడి ఒకటి ఉంటుంది. అక్కడికి రాగానే పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకుంటాను. ఎదుటి మనిషి కాసేపు కాగితం వైపే చూస్తాడు. ఇక నేను ఏమీ రాయనని నమ్మకం కుదిరాక మాట్లాడతాడు. కొందరు మాత్రం నాకు వీపు పెట్టి కిటికీ దగ్గర నిలబడతారు. అప్పుడు నేను కూడా మరోవైపు చూస్తాను.

పోయినసారి ఆడిటుకు వచ్చినాయన ఆ గడి మీద వేలు పెట్టి, ఇది ప్రతి ఫారంలోనూ ఖాళీగా ఉందేమిటని అడిగాడు.

“అది నింపేది కాదండీ,” అన్నాను.