వణుకుతున్న తల మీద చెయ్యి

2023లో, ఎండలు ముదరక ముందు మాట. అప్పటికి తిరుత్తణి కొండమీద తలనీలాలు తీసే మండపంలో నేను కత్తి పట్టి నలభై ఏళ్ళు దాటింది. ఇరవై లక్షల తలలు గొరిగానని కొత్తవాళ్ళతో చెబుతుంటాను. లెక్క ఎవరూ పెట్టలేదు. ఇరవై లక్షలంటే వినేవాళ్ళు కాస్త సర్దుకుని కూర్చుంటారు, అంతే. ఆ తలలన్నింటిలో ఒక్కటి మాత్రం ఇప్పటికీ నా అరచేతికి గుర్తుంది. అది కొండమీద గొరిగిన తల కాదు.

తిరుత్తణి బస్టాండు దగ్గర టైర్ల అంగట్లో పనిచేసే జేమ్స్ మా ఇంటి ముందరి కుర్చీలోనే క్షవరం చేయించుకుంటాడు. కాపురం తిరువళ్ళూరులో. ఒక సాయంత్రం వచ్చి, కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోలేదు.

"మామా, మీరు మా ఇంటికి రావాల. సుగుణకు తల తియ్యాల."

సుగుణ అతని భార్య. రొమ్ములో క్యాన్సరు. రెండు కీమోలు అయ్యాయి. కీమో అంటే క్యాన్సరును చంపడానికి నరంలోకి ఎక్కించే మందు. అది జుట్టు వేళ్ళను కూడా వదలదు. దిండు నిండా వెంట్రుకలు, మిగిలింది అట్టలు కట్టిందట.

"తీసెయ్యమని తనే అనింది మామా. ఇప్పుడు వద్దంటా ఉంది. సోమవారం మూడో కీమో, దానికీ రానంటా ఉంది. మందు ఆపితే జుట్టు నిలబడతాదంట. ఎట్లన్నా మీరే ధైర్యం చెప్పాల."

నాకోసం కారు పంపించారని మా వీధిలో చెప్పాను. నిజానికి లోకల్ రైల్లో తిరువళ్ళూరు దాకా నిలబడి వెళ్ళాను.

కత్తి వాడొద్దని డాక్టరు చెప్పారు. కీమో తీసుకునేవాళ్ళకు రక్తంలో తెల్లకణాలు తగ్గి ఉంటాయి, చిన్న గాటు పడినా చీము పట్టొచ్చు. ట్రిమ్మరుకు గార్డ్ తగిలించి తీయాలి. గార్డ్ అంటే దువ్వెన పళ్ళలాంటి ప్లాస్టిక్ తొడుగు, బ్లేడును చర్మానికి తగలనివ్వదు. అందులోనూ ఆరితేరినవాణ్ణని జేమ్స్‌తో అన్నాను. నేనెప్పుడూ మెషిను ముట్టుకోలేదు. మా అబ్బాయి సెలూన్ నుంచి ఒకటి తెచ్చి, ముందురోజు నా ముంజేతి మీద నేర్చుకున్నాను.

సుగుణ వెనక వసారాలో స్టూలు పక్కన నిలబడి ఉంది, తలకు గట్టిగా చున్నీ చుట్టుకుని. చర్చిలో ఆదివారం పిల్లలకు పాఠం చెప్పే మనిషి. నన్ను చూసి నవ్వబోయింది, నవ్వు రాలేదు.

"మామా, మన పక్క గుండు గీసిన మొట్ట తల కనబడితే ఏమడగతారు? తిరుత్తణికి పోయినారా, తిరుపతికి పోయినారా అని గదా. నేను యాడికి పోయినానని చెప్పేది? ఇట్లా రోగం వచ్చిందని ఒక్కొక్కరికీ చెప్తా తిరగాలనా?"

రైల్లో రెండు మంచి మాటలు అల్లుకుని వచ్చాను. రెండూ పక్కన పెట్టి, సంచి మళ్ళీ భుజానికి వేసుకున్నాను.

"పోనీ, ఇంకోరోజు రానామ్మా?" అన్నాను.

"ఇంకోరోజు వస్తే మాత్రం ఏం మారతాది మామా?" అంది. తర్వాత తనే చున్నీ విప్పి స్టూలు మీద కూర్చుంది.

మెడ చుట్టూ గుడ్డ కట్టాను. జేమ్స్ పట్టుకున్న చెంబులోంచి తల మీద నీళ్ళు చల్లి, అరచెయ్యి ఆనించి, కొండమీద సామిని పిలిచినట్టే గట్టిగా "అరోహరా" అన్నాను.

జేమ్స్ చేతిలో చెంబు అట్లాగే నిలిచిపోయింది. సుగుణ మెల్లగా తల ఎత్తింది.

"మామా, ఇది కొండ కాదు."

"అలవాటమ్మా. చెయ్యి తల మీద పడితే నోరు దానంతట అదే అంటాది."

ఈసారి ఆమెకు నవ్వు వచ్చింది. భుజాలు కదిలేలా నవ్వింది. "సరి, మీరు మీ సామిని పిలిచేసినారు. నేను మా యేసయ్యను పిలవద్దా? కొంచెం ఆగండి."

నా చెయ్యి తీయబోతే, ఉండనీయమంది. కళ్ళు మూసుకుని, పక్కింటి మనిషితో చెప్పినట్టు చెప్పింది. "ప్రభువా, భయపడద్దండి అని పిల్లకాయలకు ఆదివారం ఆదివారం చెప్పినాను. ఇప్పుడు నేనే భయపడతా ఉండాను. సిలువ వేసేదానికి నిన్ను పట్టుకుపొయ్యే ముందు ఆ తోటలో నువ్వు కూడా అల్లాడినావు గదా. నీకు తెలవంది కాదు. వచ్చి నా పక్కన కూర్చో."

తర్వాత, "కానీండి మామా" అంది.

నా అరచేతి కింద తల ఇంకా వణుకుతూనే ఉంది.

"ప్రార్థన అయిపోయింది గదమ్మా. ఇంకా వణుకుతా ఉండావే?"

"వణుకు తియ్యమని నేను అడగలేదు మామా. పక్కన కూర్చోమని అడిగినాను. కూర్చున్నాడు. మీరు కానీండి."

మెషిను ఆన్ చేశాను. నుదుటి నుంచి వెనక్కి, ఒక్కో చాలు నెమ్మదిగా తీశాను. ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి, మెడ మాత్రం వంచలేదు. చివరి చాలు అయ్యాక రెండు చేతులతో తల తడుముకుంది. అద్దం అడుగుతుందనుకున్నాను.

"సోమవారం మొదటి రైలుకే పోదాం" అంది జేమ్స్‌తో. "లేటయితే ఆస్పత్రిలో కూర్చునే తావు ఉండదు."

జేమ్స్ చెంబు కింద పెట్టి, మొహం అటు తిప్పుకున్నాడు.

నన్ను సాగనంపడానికి చున్నీ లేకుండానే గేటు దాకా వచ్చింది. ఎదురింటామె పాల ప్యాకెట్లతో వస్తూ ఆగిపోయింది.

"ఏమక్కా, మొట్ట? మీరు కూడా కొండకు పోతారా?"

సుగుణ గేటు కమ్మీ పట్టుకుంది.

"లేదమ్మా. నాకు క్యాన్సరు. మందు తీసుకుంటా ఉండాను. నా కోసరం మీ సామికి కూడా ఒక మాట చెప్పు."

ఎదురింటామె పాలు అక్కడే గట్టు మీద పెట్టి వచ్చి సుగుణ చెయ్యి పట్టుకుంది.

సుగుణ కీమోలన్నీ పూర్తి చేసింది. పరీక్షలకు ఇంకా వెళ్ళొస్తోంది. ఇప్పుడు జుట్టు మెడ దాకా వచ్చింది.

ఆమెకు నేనే ధైర్యం చెప్పానని చాలామందితో అన్నాను. నేను చేసింది చెయ్యి తీయకుండా నిలబడడం ఒక్కటే. నమ్మకం ఉన్నవాళ్ళకు భయం ఉండదని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. కొండమీద ఎవరైనా వణికితే "సుమ్మా ఉండు, కదలొద్దు" అని కసిరి తల మీద కత్తి పెట్టేసేవాణ్ణి. ఇప్పుడు ఆగుతాను. వాళ్ళు తమంతట తాము "సరి" అనేదాకా కత్తి ఎత్తను. ప్రతి తలకూ ఇట్లాగే ఆగుతానని రాద్దామనుకున్నాను. కృత్తిక పండగ రోజున జనం కొండ నిండా ఉంటే ఆగలేను. మిగతా రోజుల్లో ఆగుతాను.