కనురెప్పకు గుచ్చని బ్రష్

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు. ఏ దుకాణంలోనైనా మెత్తని బ్రష్ కనిపిస్తే, ఎవరూ చూడటం లేదని తేల్చుకుని, కళ్ళు మూసుకుని దాన్ని కనురెప్ప మీద ఒకసారి రాసుకుంటాను. మొన్న బాపట్లలో అక్క కూతురికి బొమ్మ కొనడానికి వెళ్ళినప్పుడూ అదే పని చేశాను. పసిపిల్లల తల దువ్వే తెల్లటి బ్రష్ అది. కుచ్చు రెప్పను తాకగానే పౌడరు వాసన వచ్చింది. దాని వెనకే, అక్కడ లేని కొబ్బరినూనె వాసన కూడా వచ్చినట్టు అనిపించింది. ఆ వెనకే మస్తానమ్మ మామ్మ గుర్తొచ్చింది. రెప్పకు గుచ్చుకోని కుచ్చు పాటకూ గుచ్చుకోదని నాకు చెప్పింది ఆవిడే.

తెనాలిలో నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో మామ్మ ఇంటి వెనక వాటాలో అద్దెకుండేదాన్ని. శనివారం సాయంత్రం రైలెక్కి బాపట్ల వెళ్ళడం, ఆదివారం అమ్మతో చర్చికి వెళ్ళడం, మిగతా రోజుల్లో ఆఫీసు, గది, పుస్తకం. అంతే నా లోకం. బస్సులో కండక్టరుకు ఊరి పేరు చెప్పాలన్నా ముందు లోపల ఒకటికి రెండుసార్లు అనుకుని చెప్పే మనిషిని. మామ్మ నాకు పూర్తిగా భిన్నం. కూరగాయల బండి ఆగిందంటే ఆ బండివాడి అత్తగారి మోకాళ్ళ నొప్పుల దాకా అడిగి తెలుసుకునేది. ఆవిడ భర్త ఒకప్పుడు మైకు సెట్టు నడిపేవాడు. అమృతలూరు నుంచి పిట్టలవానిపాలెం దాకా పెళ్ళిళ్ళకు, పండగలకు మైకు కట్టి, పొద్దస్తమానం గ్రామఫోన్ రికార్డులు వేసేవాడు. వాటిని ఆవిడ ప్లేట్లు అనేది. తాతయ్య పోయాక మైకులు ఎవరికో ఇచ్చేశారు గానీ ప్లేట్లు, వాటిని వేసే రికార్డు ప్లేయరు మాత్రం ట్రంకు పెట్టెల్లో ఆవిడ మంచం కిందే ఉండిపోయాయి.

ఒక సాయంత్రం ఆవిడ నా గుమ్మంలోకి వచ్చి, ఫోనులో చూసి ప్లేట్లు శుభ్రం చేసే సామాను ఏమేం దొరుకుతుందో చెప్పమంది. సంగతేమిటంటే, మనవరాలు షబానా పెళ్ళి కుదిరింది. పెళ్ళి రేపల్లెలో, మామ్మ కొడుకు అక్బర్ గారింట్లో. పసుపు రాసే రోజున ఒక్క గంట తాతయ్య ప్లేట్లు వేయించాలని మామ్మ కోరిక. ఊరందరి పెళ్ళిళ్ళలో మోగినవి సొంత మనవరాలి పెళ్ళిలో మోగకపోతే ఎలాగని ఆవిడ బాధ. అక్బర్ గారు అప్పటికే డీజే మాట్లాడేశారు. ఆ ప్లేట్లు గరగరమంటాయి, వియ్యాలవారు నవ్వుతారు అన్నారట. మామ్మ వదలకపోతే చివరికి ఒక మాట ఇచ్చారు. వచ్చే ఆదివారం తెనాలి వస్తారు, ఒక ప్లేటు గరగర లేకుండా వినిపిస్తే ఆ గంట మామ్మదే. లేకపోతే ఇక ఆ ఊసు ఎత్తకూడదు.

ఫోనులో చూస్తే ఎన్ని రకాలో. కార్బన్ బ్రష్షులు, వెల్వెట్ మెత్తలు, సీసాల్లో ద్రావకాలు, ప్లేటు మీద ఆనే ముల్లును తుడిచే బుల్లి కుంచెలు, ప్లేటును నిలబెట్టి కడిగే తొట్లు. నేను ఒక కార్బన్ బ్రష్ తెప్పించాను. మామ్మ దాన్ని రెప్పకు రాసుకుని చూసి, పొడి దుమ్ముకు బాగానే ఉంటుంది, పాత మురికికి చాలదంది. స్పిరిట్ కలిసిన సీసాలు మాత్రం వద్దే వద్దంది. పాత బరువు ప్లేట్లు లక్కతో చేసినవట. ఒకసారి తాతయ్య స్పిరిట్‌తో తుడిస్తే నలుపంతా గుడ్డకు వచ్చేసి, ప్లేటు మూగబోయిందట. మిగతాది బజారులో వెతుకుదాం పద అంది.

ఆ సాయంత్రం తెనాలి బజారులో మేము ముట్టుకోని కుచ్చు లేదు. పెయింటు బ్రష్షులు, గడ్డం గీసుకునే బ్రష్షులు, రంగులేసుకునే కుంచెలు, అన్నీ మామ్మ కనురెప్ప మీదుగా పోవలసిందే. దుకాణంవాళ్ళు వింతగా చూస్తుంటే నేను గోడలో కలిసిపోతే బాగుండుననుకుంటూ నిలబడ్డాను. చివరికి ఒక ఫ్యాన్సీ షాపులో పసిపిల్లల బ్రష్ ఆవిడకు నచ్చింది. నన్ను కూడా కళ్ళు మూసుకోమని నా రెప్పకూ రాసింది. నిజంగా ఏమీ తగిలినట్టే లేదు. షాపాయన నన్ను చూసి నవ్వి, బాబా, పాపా అని అడిగాడు. నా చెవులు కాలిపోయాయి. మామ్మ ఏమాత్రం తొణక్కుండా అంది:

"చాలామందే ఉన్నారు నాయనా. అందరూ నల్లటివాళ్ళే, అందరూ పాడతారు."

తర్వాత డిస్టిల్డ్ వాటర్ కావాలి. కుళాయి నీళ్ళతో కడిగితే ఆరాక ఉప్పు మిగులుతుంది, అదీ గరగరే. అది బ్యాటరీల కొట్లో దొరుకుతుంది. కొట్టు ఎదురుగా మామ్మ ఒక అరుగు మీద కూర్చుండిపోయింది. కాళ్ళు లాగుతున్నాయట, నన్నే వెళ్ళి అడగమంది. కాళ్ళు లాగడం ఉత్తుత్తిదేనని నాకు తెలుసు. కొట్టు నిండా మెకానిక్కులు. నేను గడప దగ్గర నిలబడి, లోపల మాట కూర్చుకుని, చివరికి అడిగాను. ఏ బండికమ్మా అన్నాడు కొట్టాయన.

"బండికి కాదండి. పాటలకి."

అందరూ నా వైపు తిరిగారు. ఇక చెప్పక తప్పలేదు. ప్లేట్ల సంగతి, పెళ్ళి సంగతి, ఆదివారం సంగతి మొత్తం చెప్పాను. కొట్టాయన శ్రద్ధగా విని, మూత సీలు ఊడని డబ్బా లోపలి నుంచి వెతికి తెచ్చి ఇచ్చి, ఏ ఏ పాటలున్నాయని అడిగాడు. తిరిగి వస్తుంటే మామ్మ నాకు బాదం పాలు ఇప్పించింది, అంతే.

ఇంటికొచ్చి కడగడం మొదలుపెట్టాం. ప్లేటు మధ్య కాగితం తడవకుండా రెండువైపులా డబ్బా మూతలు నొక్కి పట్టుకునేదాన్ని నేను. మామ్మ తడి బ్రష్‌తో చుట్టూ తిప్పుతూ, "గీతల చాలు వెంబడే దున్నాలి పిల్లా, అడ్డంగా కాదు" అనేది. ఆ ప్లేట్ల కవర్ల మడతల్లోంచి ఎన్ని పెళ్ళిళ్ళు రాలాయో. ఒక కవరులో పసుపు అంటిన అక్షింత, ఇంకోదానిలో ఎండిన మల్లెరేకు, ఒకచోట అత్తరు మరక. భట్టిప్రోలు పెళ్ళిలో లడ్డూ చేత్తో పట్టుకున్నవాడి వేలిముద్ర ఇది అని కూడా ఒకటి చూపించింది. నిజమో, నన్ను ఆటపట్టించిందో ఇప్పటికీ తెలియదు.

కడిగి, పాత మల్లు పంచె ముక్కతో అద్ది, నీడలో నిలబెట్టి, ఆరాక వేసి చూశాం. గరగర అలాగే ఉంది. మరోసారి కడిగినా అంతే. అప్పటికి శుక్రవారం. మామ్మ మంచం మీద కూర్చుని, పోనీలే, డీజే కూడా పాటే కదా అంది. అంత నెమ్మదిగా ఆవిడ మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. నేను ఆ తుడిచిన గుడ్డ ఉతకడానికి తీశాను. చేతికి జిడ్డుగా తగిలింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కొబ్బరినూనె.

గుడ్డ ఆవిడకు ఇచ్చాను. వాసన చూసి, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది.

"మీ తాతయ్యే. తలకు రాసుకోగా మిగిలింది వీటికి రాసేవాడు. పెళ్ళివారు ప్లేటు మెరుపు చూసి బేరం ఒప్పుకుంటారట. ఆ జిడ్డుకే ఊళ్ళ దుమ్మంతా అంటుకుంది."

నూనె అని తెలిశాక దారి దొరికింది. పసిపిల్లల షాంపూ ఒక చుక్క నీళ్ళలో కలిపి కడిగి, మళ్ళీ ఉత్త నీళ్ళతో కడిగి, పాత కవర్లు పారేసి కొత్త కాగితపు కవర్లు వేశాం. పాలిథిన్ వద్దంది మామ్మ. మన తేమకు లోపల చెమట పట్టి బూజొస్తుందట. ముల్లుకు పట్టిన దుమ్ము ఒక సన్న కుంచెతో వెనక నుంచి ముందుకు తుడిచాను. ఆ ఆదివారం బాపట్ల వెళ్ళలేదు.

అక్బర్ గారు వచ్చి, చెప్పులు విప్పి, కుర్చీలో కూర్చుని ఫోను చూసుకోవడం మొదలుపెట్టారు. మామ్మ ముల్లు పెట్టింది. మొదట ఏమీ వినిపించలేదు. ఆ నిశ్శబ్దంలోంచి వయొలిన్లు లేచాయి, తర్వాత గొంతు. ఎక్కడో ఒక చిటుకు. అంతకుమించి ఏమీ లేదు. పాట సగంలో ఆయన ఫోను ఒళ్ళో పెట్టుకున్నారు. అయిపోయాక తల్లి వైపు చూడకుండానే అన్నారు:

"నాన్న మైకు కట్టడానికి చెట్టెక్కినప్పుడు కింద వైరు పట్టుకునేవాణ్ణి. ఇదే వేసేవాడు. ఇంకోవైపు కూడా వెయ్యమ్మా."

పెళ్ళికి రేపల్లె బస్సులో వెళ్ళాం. రికార్డు ప్లేయరు నా ఒళ్ళో, ప్లేట్లు చీరల మధ్య మామ్మ ఒళ్ళో. గుంట వచ్చినప్పుడల్లా ఆవిడ డ్రైవరును అన్నా, నెమ్మది అని కేకేసేది. తన కంటే ముప్ఫై ఏళ్ళు చిన్నవాణ్ణి అన్నా అన్నందుకు బస్సంతా నవ్వింది, డ్రైవరు మాత్రం నిజంగానే నెమ్మదించాడు. అక్కడ పసుపు మొదలయ్యేసరికి మామ్మ చేతులు మోచేతుల దాకా పసుపు. ప్లేట్లు ముట్టుకోవడానికి వీల్లేదు. అలా ఆ గంట నా చేతికొచ్చింది. ఏ పాట, ఏ సినిమా, ఇలా నల్లగా ఎలా మెరుస్తున్నాయని జనం చుట్టూ మూగారు. వియ్యాలవారి తరపు పెద్దావిడ ఒకరు కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చున్నారు. నేను కొబ్బరినూనె కథ చెప్పాను. మళ్ళీ చెప్పమన్నారు, మళ్ళీ చెప్పాను. గంట దాటింది. డీజే అతను గడియారం చూపిస్తే అక్బర్ గారు చేత్తోనే ఆగమన్నారు. షబానా పసుపు ముఖంతో నాయనమ్మ భుజం మీద తల వాల్చి వింటోంది. మామ్మ ఆనందంగా ఉంది, ఇంకో మాట అక్కర్లేదు.

ఆ తర్వాత మామ్మ రేపల్లెలో కొడుకు దగ్గరే ఉండిపోయింది. వీలైనప్పుడల్లా వెళ్ళి చూసొచ్చేదాన్ని. ఇప్పుడు ఆవిడ లేదు. ప్లేట్లు షబానా దగ్గర భద్రంగా ఉన్నాయి. నాకు మిగిలింది, తెలియని మనిషి ముందు నిలబడి, నాకు కావలసింది ఇదీ అని చెప్పగలగడం. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు నన్ను మాటకారి అనుకుంటారు. నేను సరిదిద్దను.

చివరిసారి వెళ్ళినప్పుడు ఆవిడ మంచం మీద కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. నేను ఒక ప్లేటు వేసి పక్కన కూర్చుని, ఆఫీసు సంగతులు, రైల్లో కలిసినవాళ్ళ సంగతులు, ఏవేవో చెబుతున్నాను. ఆవిడ నా చెయ్యి వెతికి పట్టుకుంది. కళ్ళు తెరవలేదు గానీ పెదాలు నవ్వుతున్నాయి.

"ఎంత వాగుతావే పిల్లా. కాసేపు పాట విననివ్వు."