దేవదారు పక్క

జ్ఞానప్రసూనాంబకు ఆ పేరు పెట్టింది కాళహస్తిలో. అక్కడ రాహుకేతు పూజ చేయించుకున్నాకే ఈ పిల్ల కడుపున పడిందని వాళ్లమ్మ ఊరంతా చెప్పుకునేది. అందుకని ప్రసూనకు పామంటే భయం బదులు భక్తి అబ్బింది. పెళ్లయి భీమవరం నుంచి సౌదీలోని రాస్ తనూరాకు కాపురానికి వచ్చాక రెండుసార్లు కడుపు పోయింది. దమ్మాంలో డాక్టరమ్మ ఏవేవో కారణాలు చెబితే తలూపి వచ్చేసింది. ఆమె లెక్కలో కారణం ఒకటే, సర్పదోషం. రెండువేల ఆరులో మళ్లీ నిలిచింది. ఐదో నెల వచ్చింది. "ఈసారి కూడా పోతే ఇంక నేనుండనండీ" అని ఓ రోజు అన్నం వడ్డిస్తూ మామూలుగా అనేసింది. ఆ మాట విన్నప్పటి నుంచి భర్త బాపిరాజు ఇంట్లో తలుపు కూడా గట్టిగా వేయడం మానేశాడు.

అలాంటి ఇంటికి పాము వచ్చింది. బాపిరాజు ఒక కాంట్రాక్టు కంపెనీలో ఇంజనీరు. పై అధికారి మైకేల్‌కి పెంపుడు పాముంది. కొండచిలువ జాతిది, ఒంటి నిండా మచ్చలు, విషం లేదు. సెలవు మీద ఇంగ్లండు వెళ్తూ ఆయన దాన్ని గాజుపెట్టెతో సహా వీళ్ల హాల్లో దింపాడు. తిండి పెట్టేశానని, నీళ్లు పోస్తూ, కింద పరిచిన చెక్కపొట్టు తడిసినప్పుడు మారిస్తే చాలని చెప్పాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, ఏ చెక్కయినా ఫరవాలేదు, సీడర్ మాత్రం వద్దన్నాడు. "ఓకే సర్, నో సీడర్ సర్" అన్నాడు బాపిరాజు. అదేం చెట్టని అడిగితే పరువు పోతుందని భయం కాబోలు.

"సీడరంటే ఏంటండీ?" అని ప్రసూన అడిగింది.

"ఏదో విలాయతీ చెట్టులే. ఇక్కడెక్కడ దొరుకుద్ది?" అని తేల్చేశాడు.

మైకేల్ దాన్ని బెట్టీ అనేవాడు. ప్రసూన సుబ్బారాయుడు గారు అనేసింది. అది ఆడపామని బాపిరాజు చెప్పబోతే కళ్లెర్రజేసింది. తన పొట్టలో బిడ్డను నిలబెట్టడానికే స్వామి వెతుక్కుంటూ వచ్చాడని ఆమెకు నమ్మకం కుదిరిపోయింది. నాగుల చవితి నాడు కర్టెన్లు వేసేసి, చలిమిడి, చిమ్మిలి చేసి, పెట్టెలో గిన్నెడు పాలు పెట్టింది. సుబ్బారాయుడు గారు పాలవంక చూడకపోగా గిన్నె మీదుగా పాకి మొత్తం ఒలకబోశారు. మర్నాటికి కింద పరిచిన చెక్కపొట్టంతా పులిసిన కంపు. మైకేల్ ఇచ్చిన పొట్టు సంచీ అప్పటికే ఖాళీ.

ఇక స్వామికి పక్క వెతకడం మొదలైంది. బాపిరాజు న్యూస్‌పేపరు పరుద్దామన్నాడు. తెలుగు పేపర్లో దేవుడి బొమ్మలుంటాయని ఆమె వద్దంది. అరబ్బీ పేపర్లో అల్లా పేరుంటుంది. దాన్ని పాము కింద పరిచారని ఎవరైనా చూస్తే ఏమవుతుందో తలుచుకుని బాపిరాజే వద్దన్నాడు. సముద్రపు ఇసుకలో ఉప్పుంటుంది, స్వామికి ఒళ్లు మండుతుంది. చివరికి ఇద్దరూ రహీమా బజారులో ఒక వడ్రంగి షాపుకెళ్లారు. పాకిస్తాన్ నుంచి వచ్చిన పఠాన్ అక్కడ బట్టల పెట్టెలు చేస్తాడు. మూడు గోతాలు ముందుకు లాగాడు. ఒకదాంట్లో ప్లైవుడ్ పొడి, జిగురు కంపు. ఇంకోదాంట్లో తెల్ల పొట్టు, వాసనే లేదు. మూడోది ఎర్రగా ఉంగరాలు ఉంగరాలుగా ఉంది, మూతి విప్పగానే పూజగది వాసన.

"బాజీ, యే దేవదార్ హై" అన్నాడు పఠాన్. ఈ చెక్క పెట్టెలో బట్టలు దాస్తే పురుగు పుట్టదని కూడా చెప్పాడు.

ప్రసూన దోసిట్లోకి తీసుకుని కళ్లు మూసుకుంది. "దేవదారండీ! పేరులోనే దేవుడున్నాడు. ఇదే తీసుకోండి."

బాపిరాజుకు మైకేల్ మాట గుర్తొచ్చింది. "యే సీడర్ తో నహీ హై నా?" అని అడిగాడు.

"సీడర్ క్యా? నహీ సాబ్, దేవదార్."

ముగ్గురూ తృప్తిపడ్డారు. సీడరన్నా దేవదారన్నా ఒకటేనని చెప్పే నాథుడు ఆ బజార్లో లేడు. పురుగును బతకనివ్వని చెక్క పామునేం చేస్తుందని ఆలోచించే తీరికా ఎవరికీ లేదు.

ప్రసూన తన చేతులతోనే మందంగా పరిచి మూత వేసింది. ఏసీ కోసం కిటికీలెప్పుడూ మూసే ఉంటాయి. హాలంతా ఆ పరిమళం పట్టేసింది. రెండు రోజులకు స్వామి తల పైకెత్తి మూత జాలీకి ఆనించి, నోరు కొద్దిగా తెరిచి, అలాగే ఉండిపోవడం మొదలెట్టాడు. ముక్కు దగ్గర చిన్న బుడగ వచ్చి పోతోంది.

"చూడండి, దర్శనమిస్తన్నారు!" అని మురిసిపోయింది.

"పాములు అలా నోరు తెరుస్తాయా?" అన్నాడు బాపిరాజు.

"మీకన్నీ అనుమానాలే" అని విసుక్కుంది. స్వామికి ఈ పక్క నచ్చిందనుకుని, "ఇంకో రెండు గుప్పెళ్లు వెయ్యనా సామీ?" అని అడిగి మరీ వేసింది. ఆ వాసనకు తనకూ తల తిరుగుతోంది. కడుపుతో ఉన్నాను కదా అని సరిపెట్టుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం మైకేల్ ఫోన్ చేశాడు. ప్రసూన వంటింట్లో ఉంది. "ఎస్ సర్, వెరీ గుడ్ వుడ్ సర్, రెడ్ కలర్, నైస్ స్మెల్..." అంటున్న బాపిరాజు గొంతు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆమె హాల్లోకి వచ్చేసరికి మూత తీసి, పొట్టు గుప్పెళ్లతో బయటికి తోడిపోస్తున్నాడు.

"ఏం చేస్తన్నారండీ! పడుకున్నారు కదా, లేపుతారేంటి?"

"ప్రసూనా... దేవదారునే సీడరంటారంట."

పాము చుట్ట కింద చెయ్యి పెట్టి ఎత్తాడు. చుట్ట దానంతటదే విడిపోయి, తాడు ముక్కలా రెండు వైపులా జారిపోయింది.

"బాసుకి నేను చెప్పుకుంటాలే. నీ తప్పేం లేదు. మనకి తెలీదు కదా!" అంటూనే ఉన్నాడు. ఆమెకు ఆ మాటలేవీ చెవికెక్కలేదు. వెతికింది తను. వాసన చూసి ఏరింది తను. పామును చంపిన పాపం ఎవరి కడుపుకు తగులుతుందో చిన్నప్పటి నుంచి వింటూనే ఉంది. వంటింట్లోకి వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. వేళ్ల మధ్య నుంచి పూజగది వాసన వస్తూనే ఉంది.

అప్పుడు పొట్టలో ఏదో మెత్తగా చుట్టూ తిరిగినట్టు కదిలింది. బిడ్డ కదలడం అదే మొదటిసారి. పోయిన ఇద్దరూ అంతవరకైనా రాలేదు. ఆత్రంగా చెయ్యి వేసుకోబోయి, పొట్టకు తగలకముందే వెనక్కి లాగేసుకుంది. తడి చేతులు రెండూ ఒంటికి దూరంగా పట్టుకుని సింకు దగ్గర నిలబడిపోయింది.

"ఏంటి ప్రసూనా?" అని హాల్లోంచి బాపిరాజు పిలిచాడు.

"ఏం లేదండీ" అంది.