హేమ్లి మూడు పోర్షన్లు

నమ్మి చెడినవాడు లేడంటారు. ఆ మాట మొదట అన్నవాడెవడో గాని, వాడు ఎన్నడూ ఇల్లు కిరాయికి ఇచ్చి ఉండడు.

మాది మధిర. 2004లో కాంట్రాక్టు మీద కరెంటు బిల్లులు కొట్టే పని దొరికి టేకులపల్లి వచ్చాను. బిల్లు మిషను మెడలో తగిలించుకుని నెలకోసారి ప్రతి గడప ముందూ నిలబడటమే నా ఉద్యోగం. అలా నిలబడగా నిలబడగా ఊరందరి సంగతీ తెలుస్తుంది, కానీ ఊరు మాత్రం మనది కాదు. నన్ను "బిల్లు సారు" అనేవాళ్లు. నా అసలు పేరు అడిగినవాళ్లు ఆ ఊళ్లో ముగ్గురో నలుగురో. అందులో హేమ్లి ఒకతె.

హేమ్లి లంబాడీ మనిషి. అప్పటికి ఆమెకు యాభై దాటి ఉంటాయి. మొగుడు భూక్యా దస్రు బొగ్గు బాయిలో పనిచేసి, 2002లో ముందుగానే ఉద్యోగం వదులుకుంటే ఒక్కసారే డబ్బిస్తారన్నప్పుడు వదులుకున్నాడు. ఆ సంవత్సరం అలా వచ్చిన డబ్బుతో వాళ్ల తండాలో మోటారుసైకిళ్లు వచ్చాయి, రంగుల టీవీలు వచ్చాయి, ఒకాయన బ్యాండు మేళంతో కూతురి పెళ్లి చేసి మూడోనాటికి మళ్లీ కూలికి పోయాడు. హేమ్లి మాత్రం పట్టుబట్టింది. ఊళ్లో రోడ్డు పక్క జాగా కొనిపించి, వరసగా నాలుగు పోర్షన్లు కట్టించింది. సిమెంటు రేకులు, ముందు ఒకటే పొడుగు వరండా, వెనక ఒక బోరు. పునాది నుంచి రేకుల దాకా గోడలకు నీళ్లు పట్టింది ఆమే. చివరి పోర్షన్లో తాము ఉండి, మిగతా మూడూ కిరాయికి ఇవ్వాలని లెక్క. మిరప తోటల్లో నడుం విరిగేదాకా వంగింది చాలు, ఇక ముసలితనంలో ఆ మూడు పోర్షన్లే తనకు అన్నం పెట్టాలని ఆమె ఆశ. ఇల్లు పూర్తయిన ఏడాదికే దస్రు దగ్గి దగ్గి పోయాడు. ఆశ అలాగే ఉండిపోయింది, అది నడపాల్సిన మనిషి ఒక్కతే అయింది.

ఇల్లు కిరాయికి ఇవ్వడం ఎలాగో ఆమెకు ఎవరు నేర్పుతారు? వాళ్ల వంశంలో మొదటి ఓనరు ఆమే. అందుకని తన బుద్ధికి తోచిన నియమం ఒకటి పెట్టుకుంది. బయటివాళ్లకు ఇవ్వకూడదు. తన వాళ్లకే ఇవ్వాలి.

దానికి కారణం లేకపోలేదు. ఆమె పుట్టింది కారేపల్లి దిక్కు తండాలో. ఆమె చిన్నప్పుడు ఒక షావుకారు వాళ్ల నాయనతో తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయించుకుని మూడెకరాలు కాజేశాడు. ఆ చేనులోనే వాళ్ల నాయన కూలికి పోయి పత్తి ఏరాడు. అది కళ్లారా చూసిన పిల్ల బయటివాణ్ని గుమ్మం ఎలా ఎక్కనిస్తుంది? బ్యాంకులో పనిచేసే ఒకాయన ఆర్నెల్ల కిరాయి ముందే ఇస్తానన్నా వద్దంది. బడిపంతులు ఒకామె రెండుసార్లు తిరిగింది. "మంచిగనే కనపడ్తున్నవ్ గనీ, నీకియ్య" అని ముఖం మీదే చెప్పింది.

నాతోనూ అంతే. "నువ్వు మంచోడివే సారూ. గనీ మీటరు కాడనే ఆగు, గడప దాటకు" అని నవ్వేది. ఆ నవ్వుతోపాటు చెంబుతో మజ్జిగ వచ్చేది కనుక నేనేమీ అనుకోలేదు.

ఆమె ఏరికోరి పెట్టుకున్న కిరాయిదార్లు ముగ్గురు. హాస్టల్లో వంట చేసే కమ్లి. ఆటో నడిపేవాడి పెళ్లాం సక్రి. మండలాఫీసు ముందు చెట్టు కింద కుర్చీ వేసుకుని జనానికి అర్జీలు రాసిపెట్టే కోటేష్. ముగ్గురూ లంబాడీలే. కోటేష్ అయితే ఇంకో మెట్టు పైన. ఇల్లు అడగడానికి వచ్చిన రోజు హేమ్లి "ఇంటిపేరేంది?" అంది. "బానోతు" అన్నాడు. హేమ్లి పుట్టింటి పేరు కూడా బానోతే. వాళ్లలో ఇంటిపేరు కలిస్తే రక్తం కలిసినట్టే. ఆ క్షణం నుంచి వాడు తమ్ముడు, ఆమె అక్క. రోడ్డు వైపు ఉన్న మంచి పోర్షను వాడికే ఇచ్చింది. మరుసటేడు కూతురు హేమలత పెళ్లిలో మేనమామ చేయాల్సినవన్నీ వాడే చేశాడు. పందిట్లో వాడు కళ్లు తుడుచుకున్నాడని హేమ్లి నాకు మూడు నెలలు చెప్పింది.

ఇక నా పాపం చెప్పాలి. నాలుగు పోర్షన్లకూ ఒకటే మీటరు ఉండేది. నేను బిల్లు చింపి ఇవ్వగానే వరండాలో యుద్ధం మొదలు. సక్రి ఫ్యాను ఆపదని కమ్లి, కమ్లి ఇంట్లో ఇస్త్రీపెట్టె ఉందని సక్రి. "నీ మీటరు గింత జల్దీ తిరుగుతదేంది సారూ, మేం కరెంటు తింటున్నమా?" అని హేమ్లి నా మీద. విసుగొచ్చి ఒక రోజు నేనే చెప్పాను.

"ఒక్కో పోర్షనుకు ఒక్కో మీటరు పెట్టించుకో అమ్మా. యూనిట్లు విడిపోతే రేటు తక్కువ పడుతుంది. ఎవరి బిల్లు వాళ్లే కట్టుకుంటారు."

"గట్ల కావాల్నంటే ఏం జెయ్యాలె?"

"ఇంటి నంబర్లు విడివిడిగా ఉండాలి. పంచాయతీలో ఒక్కోదానికి ఇంటిపన్ను రశీదు తేవాలి."

కోటేష్ అక్కడే గోడకు ఆనుకుని పళ్లు తోముకుంటున్నాడు. ఉమ్మేసి వచ్చి, "నువ్వు ఊకో అక్కా, నేను చూస్కుంట" అన్నాడు.

చూసుకున్నాడు. నెల తర్వాత నేను వెళ్లేసరికి వరండాలో కూర్చుని ఆమెకు నచ్చజెబుతున్నాడు. "నాలుగు నంబర్లు నీ పేరు మీదనే ఉంటే నాలుగిండ్ల ఆసామివైతవ్. తెల్లకార్డు కట్ చేస్తరు. దస్రు బావ పోయినంక వచ్చే పింఛను గూడ పోతది. మా ముగ్గురి పేర్ల మీద తలా ఒకటి రాయిద్దాం. ఉత్త కాయితమే గద అక్కా. ఇల్లు యాడికి పోతది?"

హేమ్లి నా వైపు తిరిగింది. "గట్ల రాయొచ్చా సారూ?"

వద్దని చెప్పాలనిపించింది. కానీ వాళ్లూ వాళ్లూ ఒకటి, నేను మధిర నుంచి వచ్చినవాణ్ని. నడుమ దూరితే నాకెందుకొచ్చిన గొడవ అనుకున్నాను. "నాకు తెలీదమ్మా, నాది మీటరు వరకే" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆమే సర్దిచెప్పుకుంది. "వేరేటోళ్లయితే భయపడాలె. మావోళ్ల కాడ ఏం భయం?" అని కోటేష్ చూపించిన చోటల్లా వేలు అద్దింది.

మూడేళ్లు బాగానే నడిచింది. కమ్లి మొగుడు ఖమ్మం దవాఖానాలో ఎనిమిది నెలలు పడుకుంటే హేమ్లి ఆమె దగ్గర కిరాయి తీసుకోలేదు. పైగా ఆమె పిల్లలకు రెండు పూటలా జొన్నరొట్టె కాల్చి పెట్టింది. నేనైతే పెట్టను. ఓనరు అన్నాక కొంచెం గట్టిగా ఉండాలని చెప్పి చూశాను కూడా. మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి అని మా అమ్మ అనేది. హేమ్లి వింటేగా!

2008 ఎండాకాలం. నేను బిల్లులకు వెళ్లేసరికి రోడ్డు వైపు పోర్షను ముందు ఇసుక కుప్ప, కంకర, సిమెంటు బస్తాలు. మేస్త్రీలు పైకెక్కి రేకులు విప్పుతున్నారు. హేమ్లి ముఖం వెలిగిపోతోంది. గ్లాసుల్లో టీ పోసి వాళ్లకు అందిస్తోంది. "చూసినవా సారూ, నా తమ్ముడు! వానాకాలం కురుస్తున్నదని ఒక్క మాటంటే స్లాబే ఏపిస్తున్నడు. నాకు చెప్పనే లేదు."

అప్పుడే కోటేష్ బండి దిగాడు. ఆమె చేతిలో టీ అందుకుని, తాగి, గ్లాసు కింద పెట్టి చెప్పాడు. "నా ఇంటికి నేను ఏసుకుంటున్న అక్కా. నీకెందుకు తిప్పల?"

హేమ్లి నవ్వింది. "నీ ఇల్లేందిరా?"

వాడు నవ్వలేదు. లోపలికి పోయి ప్లాస్టిక్ కవరులోంచి రశీదు తెచ్చి, ఆమెకు కాదు, నాకిచ్చాడు. "జర సదివి చెప్పు సారూ అక్కకు."

చదవక తప్పలేదు. ఇంటి నంబరు, పన్ను, యజమాని పేరు బానోతు కోటేష్. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

"అది పింఛను కోసం రాసుకున్నది గదరా!" అంది హేమ్లి.

"పింఛను కోసమని యాడ రాసున్నది? ఇన్నేండ్లు నెలనెలా నీ చేతుల పెట్టిన పైసలేంది మరి? కిరాయి అని నువ్వంటున్నవ్. ఇల్లు కొన్న పైసలు గవి. కిరాయైతే రశీదు చూపెట్టు."

తమ్ముడికి కిరాయి రశీదు ఎవరిస్తారు? హేమ్లి ఆ గోడనే పట్టుకుని కూర్చుంది. మేస్త్రీలు కొంచెంసేపు ఆగి, కోటేష్ కసిరితే మళ్లీ రేకులు విప్పారు.

వారం తర్వాత తండాలో పంచాయితీ పెట్టించింది. సాక్ష్యానికి రమ్మంటే వెళ్లాను. నేను నోరు తెరవగానే కోటేష్ "మా తండాల బయటోనికేం పని?" అన్నాడు. పెద్దమనిషి సోమ్లా నాయక్ నన్ను దూరంగా కూర్చోమని సైగ చేశాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. హేమ్లిని "బిడ్డా" అనే పిలిచాడు. ఆ ఇల్లు కట్టిందెవరో ఆయనకు తెలియక కాదు. కానీ రశీదు ఒకవైపు ఉంది. మాటకు ఇంకో మనిషి తోడు కావాలన్నాడు.

హేమ్లి మొహంలోకి ప్రాణం వచ్చింది. "కమ్లి ఉన్నది గద! కమ్లిని అడుగు నాయక్."

ఆమె అంత ధైర్యంగా చెయ్యి చాపి చూపించడం నేను అంతకుముందు చూడలేదు.

నాయక్ అడిగాడు. "కమ్లీ, నువ్వు ఎవరింట్ల ఉంటున్నవ్?"

కమ్లి కొంగు చివర ముడి వేసింది, విప్పింది. పక్కనున్న సక్రి ఆమె మోచేతిని పొడవడం నాకు కనిపించింది. కోటేష్‌కు ఆ గది దక్కితే తమ గదులూ తమకు దక్కుతాయని ఆడవాళ్లిద్దరికీ ఎవరు చెప్పారో నేను చెప్పక్కర్లేదు. చివరికి కమ్లి నేలను చూస్తూ అంది. "నా పేరు మీదున్నది నాదే గద నాయక్."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఇంటినిండా దొంగలే. హేమ్లి అరవలేదు. శాపనార్థాలు పెట్టలేదు. కమ్లి దగ్గరికి నడిచి వెళ్లి, "నీ పిల్లలకు రొట్టె పెట్టిన గదనే" అంది. అంతే అంది.

ఆ తర్వాతి సోమవారం అర్జీలు తీసుకునే రోజున మండలాఫీసుకు పోయింది. అర్జీ నేనే రాశాను. కోటేష్ చెట్టు కింద కుర్చీలోంచి చూస్తూనే ఉన్నాడు. లోపల పెద్దసారు అర్జీ చదివి తలెత్తాడు.

"అంటే నాలుగిళ్లు ఉండి, లేవని చెప్పి పింఛను తీసుకుంటున్నావా?"

గోడలు ఆమెవని రుజువు కావాలంటే ఈ ప్రశ్నకు అవునని చెప్పాలి. వద్దని నేను పక్కనుంచి సైగ చేశాను. ఆమె నన్ను చూడనే లేదు.

"అవ్ సారూ. అబద్ధమాడిన. పింఛను కొట్టెయ్యి, కార్డు తీస్కో. నాలుగూ నావేనని రాయి."

ఆయన చాలాసేపు కాగితాలు తిరగేశాడు. తర్వాత మెల్లిగానే చెప్పాడు. "చూడమ్మా, ఇది ఏజెన్సీ. ఇల్లు పట్టుకున్నవాడు గిరిజనేతరుడైతే చట్టం నీ వైపే ఉంటుంది, మేమే దగ్గరుండి ఖాళీ చేయిస్తాం. వీళ్లు ముగ్గురూ మీవాళ్లేనాయె. గిరిజనుల మధ్య తగాదా మా చేతిలో లేదు. కోర్టుకు పోవాలి."

బయటివాణ్ని పెట్టుకుని ఉంటే ఇల్లు దక్కేది. ఆ బ్యాంకు గుమాస్తా, ఆ పంతులమ్మ, ఆఖరికి నేను, మాలో ఎవరం ఉన్నా ఆమె గోడ మీద చెయ్యి వేయగలిగేవాళ్లం కాదు.

"అవ్ సారూ" అంది హేమ్లి. "మావోళ్లే. మావోళ్లనే గద పెట్టుకున్న."

పింఛను ఆ నెల నుంచే ఆగింది. కోర్టుకు పోవాలంటే కొత్తగూడెం తిరగాలి, వకీలును పెట్టాలి. మళ్లీ మిరప కోతకు పోవడం మొదలుపెట్టింది. ముందు మూడు పోర్షన్ల మీద స్లాబు పడింది. చివరిదొక్కటే రేకులతో మిగిలింది. అది ఆమెది. ఆ వరండా గుండా నడిచి పోవాల్సినప్పుడల్లా ఆమె రోడ్డు దిగి చుట్టూ తిరిగి వచ్చేది.

ఆ తర్వాత నెల బిల్లు చింపి ఇచ్చాను. మజ్జిగ లేదు. కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చూసింది.

"దీని మీద ఎవరి పేరున్నది సారూ?"

"నీదే అమ్మా. భూక్యా హేమ్లి."

"మల్ల సదువు."

మళ్లీ చదివాను. ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి చూపించాను. తల ఊపి, బిల్లు మడిచి, గడియ పెట్టి, రోడ్డు దాటి ఎదురుగా ఉన్న టీ హోటలుకు పోయింది. నేను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను. హోటలాయన ముందు ఆ కాగితం విప్పి పెట్టి, నేను చదివింది నిజమేనా అని ఆయన్ను అడుగుతోంది.