సోఫా మేస్త్రి, నా చెంపదిండు

ఆ రోజుల్లో మా ఇంట్లో నన్ను పేరుపెట్టి పిలిచినవాళ్ళు తక్కువ, ‘ఎందుకమ్మా’ అని పిలిచినవాళ్ళే ఎక్కువ. ఒక కొమ్మకి పూతొచ్చి పక్క కొమ్మకి ఎందుకు రాదు, బంగినపల్లిని కోసుకుని తిని రసాన్ని పిసుక్కుని ఎందుకు తింటాం, ఇలాంటివి అడిగి మా మామిడి తోటలో మందు కొట్టేవాళ్ళ దగ్గర్నుంచి కాయలు కోసేవాళ్ళ దాకా అందరి బుర్రలూ తినేదాన్ని. లోకంలో ఉన్న ప్రతిదాన్నీ అడిగాను గానీ, నా ఒంటి గురించే నాకు తెలియని సంగతొకటి ఉందని మాత్రం ఎప్పుడూ తోచలేదు. అది బయటపడడానికి మా ఇంటికి ఒక తుపాకీ రావాల్సి వచ్చింది.

కంగారు పడకండి, అది ఎయిర్ రైఫిల్. నేను నూజివీడులో డిగ్రీ చదువుతుండగా మా పీడీ సారు (ఆటల మాస్టారన్నమాట) కొత్తగా షూటింగ్ నేర్పడం మొదలుపెట్టారు. కాలేజీకి ఉన్నది ఒక్కటే రైఫిల్, దాని చుట్టూ పెళ్ళి భోజనాల బంతి దగ్గర నిలబడ్డంత జనం. నా సరదా చూసి బాబాయి బెజవాడలో ఎవరో ఆరడుగుల ఆఫీసరుగారు వాడి వదిలేసిన పాత రైఫిల్ పట్టుకొచ్చాడు. నాన్న మాత్రం వెంటనే షరతు పెట్టేశాడు. “యూనివర్సిటీ టీంలోకి వస్తే సరే. రాలేదా, అది అటకెక్కుద్ది, నువ్వు బ్యాంకు కోచింగ్ బస్సెక్కుతావు.” సెలక్షన్లు పూత పిందె కట్టేనాటికి. అంటే ఎంతో దూరం లేదు.

ఆరడుగుల మనిషి తుపాకీ నా చేతికిస్తే ఎలా ఉంటుంది? నాన్న చొక్కా తొడుక్కున్నట్టుంది. పీడీ సారు చెప్పారు: “చొక్కా మనిషిని బట్టి కుట్టినట్టే తుపాకీ కర్రనీ మనిషిని బట్టి అమర్చాలమ్మా. దాని వెనక కొసని మోచేతి మడతలో ఆనిస్తే నీ వేలు ట్రిగ్గర్ మీదకి హాయిగా రావాలి. భుజానికెత్తి చెంప వాల్చగానే, కన్ను తిన్నగా గురి చూసే చిల్లు దగ్గరికి రావాలి. మెడ సాగదీయకూడదు, తల వంచకూడదు.” నాకీ మాట తెగ నచ్చేసింది. వస్తువే మనిషి దగ్గరికి రావడం అంతవరకూ నేనెక్కడా చూడలేదు.

ఆ పనికి రెడ్డిగూడెం నుంచి సోఫా మేస్త్రి వచ్చాడు. తలుపులూ మంచాలూ కూడా చేస్తాడు గానీ, సోఫాల మీద ఆయనకున్న ప్రేమ వల్ల ఆ పేరు స్థిరపడింది. తుపాకీని అంత దగ్గరగా చూడడం ఆయనకీ అదే మొదలు. అటూ ఇటూ తిప్పి చూసి, “సోఫా కూచున్నోళ్ళకి సుఖంగా ఉండాలి. ఇది నిలబడ్డోళ్ళకి సుఖంగా ఉండాలి. అంతేగదండీ!” అని తేల్చేశాడు. ఖాళీగా ఉన్న మా ప్యాకింగ్ షెడ్డులో కొలతల కార్యక్రమం జరిగింది. అమ్మ జాకెట్లు కుట్టే టేపు తెచ్చింది. చెట్టుని చూసి కాపు చెప్పే బాబాయి టేపు అక్కర్లేదని నా చేతిని కూడా కళ్ళతోనే కొలిచాడు. చివరికి టేపు మాటే నెగ్గింది. రంపం ఆడుతున్నంతసేపూ నేను కళ్ళు మూసుకున్నాను. పొడవు చక్కగా కుదిరింది. తర్వాత చెంప ఆనడానికి కర్రకి ఎడమ పక్కన ఒక టేకు ముక్క బిగించి, సోఫా చెయ్యిలా గుండ్రంగా నున్నగా చేశాడు. నాయనమ్మ దాన్ని తడిమి చూసి, “ఇదేంటే, చెంపదిండా?” అంది. ఆ పేరే ఖాయమైంది.

కష్టాలు అక్కడ మొదలయ్యాయి. భుజానికెత్తితే చెంపదిండు అడ్డొచ్చేది. “మేస్త్రిగారూ, కొంచెం తియ్యాలండీ.” తీశాడు. “ఇంకొంచెం.” ఇంకొంచెం తీశాడు. నా గుళ్ళు మాత్రం కాగితం మీది నల్లచుక్కని వదిలేసి చుట్టుపక్కల గోడ సున్నం రాలుస్తున్నాయి. “ఇట్టాగే చెక్కితే తుపాకీ పోయి చీపురుపుల్ల మిగులుద్ది,” అన్నాడు బాబాయి. మేస్త్రికి రోషమొచ్చింది. “నా సోఫాలకి ఇన్ని వంకలు పెట్టినోళ్ళు లేరండీ. దిండు బానే ఉంది. అమ్మాయిగారి చెంపే కాస్త బొద్దుగా ఉంది,” అన్నాడు. అందరూ నా చెంప వైపు చూశారు. నవ్వొచ్చింది గానీ, సెలక్షన్లు దగ్గరకొస్తున్న కొద్దీ భయం పట్టుకుంది. ఒకరోజు షెడ్డు వెనక్కి వెళ్ళి ఏడ్చాను కూడా.

చివరికి పీడీ సారే మా తోటకొచ్చారు. తుపాకీ పక్కన పెట్టమని, రెండు అరచేతులూ కలిపి మధ్యలో చిన్న సందు ఉంచి, అందులోంచి దూరంగా ఒక పూతగుత్తిని చూడమన్నారు. “ఇప్పుడు దాన్ని వదలకుండా చేతులు మొహం దగ్గరికి తెచ్చుకో.” చేతులు నేరుగా ఎడమ కంటి మీదకి వచ్చాయి. మళ్ళీ చేయించారు. మళ్ళీ ఎడమ కన్నే. “అదమ్మా సంగతి! నువ్వు చూసేది ఎడం కంటితో, తుపాకీ పెట్టేది కుడి భుజానికి. నీ తల ప్రతిసారీ కర్ర దాటి అవతలికి పోదామని చూస్తోంది. నీది ఎడం చేతివాటమా?”

“లేదండీ, అన్నీ కుడిచేత్తోనే,” అన్నాను.

అమ్మ మెల్లగా అందుకుంది. “చిన్నప్పుడు ఏదిచ్చినా ఎడం చెయ్యే చాపేదండీ. మా అత్తగారు ఆ చేతికి గుడ్డ కట్టి మాన్పించారు.”

నేను నా చెయ్యి వైపు, అప్పుడే పరిచయమైన మనిషిని చూసినట్టు చూశాను. నాకేమీ గుర్తు లేదు. పీడీ సారు చెంపదిండుని కుడి పక్కకి మార్చమన్నారు. మేస్త్రి ఉలి పట్టుకుని ఆగిపోయాడు. అందరి చూపులూ ప్లాస్టిక్ కుర్చీలో కూచున్న నాయనమ్మ మీదే. ఎడంచేత్తో చిల్లర ఇచ్చాడని కొట్టువాణ్ణి మార్చేసిన మనిషి ఆవిడ.

“అన్నానికి కుడిచెయ్యి. దేవుడికి కుడిచెయ్యి. ఇచ్చిపుచ్చుకోడానికి కుడిచెయ్యి,” అంది. “తుపాకీ గురించి మా పెద్దోళ్ళెవరూ నాకు చెప్పలేదు. మార్చవయ్యా, చూస్తావేంటి!”

దిండు మారింది. ఎడమ భుజానికెత్తి చెంప వాల్చాను. ఎవరో నా కోసం కుర్చీ వేసి ఉంచినట్టు నా కన్ను తిన్నగా చిల్లు దగ్గరికెళ్ళి కూచుంది. ఆ హాయి ఇప్పటికీ చెప్పలేను. గుండు నల్లచుక్కలో పడింది. మేస్త్రి, “చెంప సన్నబడిందండీ!” అన్నాడు.

టీంలో ఆఖరి చోటు నాకే వచ్చింది. “ఆఖరిదైతే ఏంటి, బస్సులో సీటు సీటేగా,” అని నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. పోటీల నుంచి ఏ బహుమతీ తేలేదు, రెండేళ్ళకి బ్యాంకు కోచింగూ తప్పలేదు. ఇప్పుడు విస్సన్నపేటలో బ్యాంకు కౌంటర్ వెనక కూచుంటున్నాను.

మొన్న తోటకెళ్ళినప్పుడు రైఫిల్ తీసి భుజానికెత్తాను. కుదరలేదు. కళ్ళజోడు తగిలింది, చెంప నిజంగానే బొద్దయింది, మెడ ఎటు పోయిందో తెలియదు. బాబాయి నవ్వుతూ, “మేస్త్రిని పిలవనా? నీ కొలతకి మార్చేస్తాడు,” అన్నాడు. ఒక్క క్షణం ఆశపడ్డాను. చెంపదిండు మీద చెయ్యి వేసి చూస్తే, చెక్కి చెక్కి ఏర్పడ్డ ఆ పల్లం నాది కాదు, భయపడుతూ నవ్వుతూ తొలిసారి తన కన్ను తను కనుక్కున్న ఆ పిల్లది. దాన్ని చెక్కించడానికి నాకు మనసొప్పలేదు.