మొరగని కాపలా కుక్క

మా ఇంట్లో దొంగలు పడింది శ్రావణ మాసంలో, పట్టపగలు. వరలక్ష్మీ వ్రతం కోసం లాకర్లోంచి తెచ్చిన నగలు అమ్మవారికి అలంకరించి, మర్నాడు తీసి, సోమవారం మళ్లీ లాకర్లో పెట్టేద్దామని బియ్యం డబ్బాలో అడుక్కంటా దాచాను. టెక్సాస్‌లోని మా ఊరు కాపెల్‌లో తెలుగు ఇళ్లన్నిటికీ బియ్యం డబ్బానే ఇనప్పెట్టె. ఆ సంగతి మనకెంత తెలుసో దొంగలకూ అంతే తెలుసని నాకప్పటిదాకా తట్టలేదు. వెనక తలుపు అద్దం పగలగొట్టి వచ్చినవాళ్లు టీవీ జోలికి పోలేదు, లాప్‌టాప్‌ల వంక చూడలేదు. తిన్నగా ప్యాంట్రీలోకి వెళ్లి, సోనామసూరి బియ్యం నేలమీద బోర్లించి, నగలు ఏరుకుని వెళ్లిపోయారు.

నగలు పోతే పోయాయి. రెండు రోజులు ఏడ్చి ఊరుకున్నాను. అసలు పోయింది వేరే. ఆ సమయానికి నేనూ మా ఆయనా కూరగాయలకు వెళ్లాం. ఏడో తరగతి చదివే మా అమ్మాయి మేడమీద తన గదిలో ఒక్కతే ఉంది. అద్దం పగిలిన చప్పుడు విని, క్లోజెట్‌లో బట్టల వెనక నక్కి కూర్చుని నాకు మెసేజ్ పెట్టింది. నేను దారిలోంచే పోలీసులకు ఫోన్ చేశాను. మేమూ పోలీసులూ ఇంచుమించు ఒకేసారి ఇంటికి చేరాం. దొంగలు అప్పటికే వెళ్లిపోయారు. మేమెంత పిలిచినా పిల్ల మాత్రం బయటికి రాలేదు. నేనే లోపలికి దూరి పక్కన కూర్చుంటే, చాలాసేపటికి నా చెయ్యి పట్టుకుంది.

ఆ రోజు నుంచి మా అమ్మాయి ఒంటరిగా ఇంట్లో అడుగు పెట్టడం మానేసింది. స్కూల్ బస్సు దిగి, రెండిళ్ల అవతల ఉండే తెలుగావిడ దగ్గరికి వెళ్లి, నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా అక్కడే కూర్చునేది. మేం ఇంట్లో ఉన్నా మేడ ఎక్కేది కాదు. హోంవర్కు వంటింటి బల్లమీద, నిద్ర మా గదిలో. కింద గిన్నె జారిపడితే చాలు, పిల్ల ఒళ్లు బిగుసుకుపోయేది. నా బిడ్డ తన ఇంట్లోకి తను భయం లేకుండా వెళ్లగలగాలి. అంతకు మించి నాకేమీ అక్కర్లేదనిపించింది.

మా ఆయన అన్నం కుక్కర్ కొనాలన్నా నెల రోజులు రివ్యూలు చదివే మనిషి. ఈసారి తుపాకుల మీద పడ్డారు. "గ్రీన్ కార్డ్ వచ్చింది కదా, ఇప్పుడు మనం కొనొచ్చు. టెక్సాస్‌లో ఉండి ఇంట్లో గన్ లేదంటే నవ్వుతారు" అని మొదలుపెట్టి, ఒక ఆదివారం నన్ను కూడా షూటింగ్ రేంజ్‌కి లాక్కెళ్లారు. చెవులకు డిప్పలు తగిలించుకుని పేల్చాను. గుండు ఎటు పోయిందో ఆ భగవంతుడికే తెలియాలి. బొద్దింక కనిపిస్తే నన్ను కేకేసే మనిషి, పక్కన నిలబడి నాకు ధైర్యం చెబుతుంటే నవ్వాపుకోలేకపోయాను.

"ఎక్కడ పెడతారు దాన్ని?" అన్నాను కార్‌లో.

"సేఫ్‌లో. నా వేలిముద్రతోనే ఓపెన్ అవుతుంది."

"మరి పిల్ల ఒక్కతే ఇంట్లో ఉన్నప్పుడు దొంగ వస్తే? మీ వేలు ఆఫీసులో ఉంటుంది కదండీ!"

ఆ రాత్రి భోజనాల దగ్గర మళ్లీ అదే పాట. అప్పటిదాకా పప్పన్నం కెలుకుతూ కూర్చున్న మా అమ్మాయి తలెత్తింది.

"నాన్నా, స్కూల్‌లో మేము లాక్‌డౌన్ డ్రిల్ చేస్తాం. లైట్స్ ఆఫ్ చేసి, డోర్ లాక్ చేసి, కార్నర్‌లో సైలెంట్‌గా కూర్చుంటాం. గన్‌తో ఎవరైనా వస్తారేమో అని. ఇంట్లో కూడా గన్ ఉంటే నాకు దాని భయం కూడా వస్తుంది. డాగ్ అయితే ఓకే."

"సరే, కుక్కనే చూద్దాం" అన్నారు మా ఆయన.

నాకు మాత్రం ఆ కుక్క మాట రుచించలేదు. కుక్క ఎదురొస్తే పక్క వీధిలోకి తిరిగిపోయే రకం నేను. పైగా ఇంట్లో దేవుడి గది ఉంది. బొచ్చు ఎవరు ఊడుస్తారు, ఇండియా వెళ్తే ఎవరికి అప్పగిస్తాం? గుంటూరు నుంచి వీడియో కాల్‌లో మా అత్తగారు నాకు వత్తాసు పలికారు. "మడీ ఆచారం ఉన్న ఇంట్లోకి కుక్కేమిటే అమ్మాయ్! తుపాకీ అయితే ఓ మూల పడుంటుంది. బొచ్చు రాల్చదు, అన్నం అడగదు."

పిల్ల నా వంక చూసిన చూపు ముందు అత్తగారి మాటా నా భయమూ నిలబడలేదు.

ఊళ్లోని జంతు శరణాలయానికి వెళ్లేటప్పుడు మా ఆయన మనసులో ఉన్నది జర్మన్ షెపర్డ్. చూస్తేనే దొంగలు పారిపోవాలట. మా అమ్మాయి మాత్రం చివరి గదిలో, ఒక చెవి మడతపడిన నడివయసు గోధుమరంగు కుక్క ముందు చతికిలబడింది. చుట్టూ కుక్కలన్నీ చెవులు చిల్లులు పడేలా మొరుగుతుంటే, అది మాత్రం కటకటాలకు ముక్కు ఆనించి నిదానంగా పిల్లను చూస్తోంది. దీనికి మొరిగే అలవాటు లేదు, చాలా మంచిది అని అక్కడ పనిచేసే ఆవిడ మెచ్చుకుంది.

"మొరగని కుక్కని కాపలాకి తెచ్చుకోవడం మనకే చెల్లింది" అని ఇంటికి వచ్చేదాకా గొణిగారు మా ఆయన. చివరికి ఒక ఒప్పందం చేసుకున్నాం. క్రిస్మస్ సెలవుల దాకా చూద్దాం. అప్పటికీ పిల్ల ఇలాగే ఉంటే ఆయన తుపాకీ కొంటారు, నేను నోరెత్తకూడదు.

ఆ కుక్క మాకు చేసిన కాపలా సంగతి చెప్పాలంటే నవ్వొస్తుంది. వీకెండ్ వస్తే మా ఇంటికి పాట్‌లక్ అని తలో వంటకం పట్టుకొచ్చే స్నేహితులు, ఇంటి భోజనం అని ఎమ్మెస్ చదివే పిల్లలు. ఎవరొచ్చినా అది గుమ్మం దగ్గరికి వెళ్లి, వాళ్లు చెప్పులు విప్పేదాకా ఓపిగ్గా చూసి, వట్టి పాదాలు వాసన చూసి వెల్లకిలా పడుకునేది. పార్సిల్ అబ్బాయి వస్తే కిటికీలోంచి చూసి ఆవలించేది. మా అత్తగారికి కూడా జాలి పుట్టి, "వేళకింత పెరుగన్నం కలిపి పెట్టండమ్మా దానికి" అనడం మొదలుపెట్టారు. అది ఆ పెరుగన్నం తిని, మధ్యాహ్నమంతా గుర్రుపెట్టి నిద్రపోయేది.

దాన్ని వెంటబెట్టుకుని మా అమ్మాయి మళ్లీ మేడ ఎక్కడం మొదలుపెట్టింది. అంతవరకు సంతోషమే. అయినా నవంబరు గడిచిపోతున్నా స్కూల్ నుంచి ఆ తెలుగావిడ ఇంటికే వెళుతోంది. మా ఆయన మళ్లీ లాప్‌టాప్‌లో తుపాకులు చూడటం నా కంటపడింది. ఏమనగలను? మాటంటే మాటే.

సెలవులకు ఇంకో వారం ఉందనగా, మీటింగ్ రద్దయి ఆఫీసు నుంచి పెందలాడే బయల్దేరాను. పిల్లను తీసుకెళదామని ఆ తెలుగావిడ తలుపు తట్టాను.

"మీ పాప ఈ వారంలో మా ఇంటికి రానే లేదండీ. మీరు ఇంటి నుంచి పని చేస్తున్నారేమో అనుకున్నా" అందావిడ.

మరి రోజూ ఎక్కడికి వెళుతోంది పిల్ల? కారు అక్కడే వదిలేసి మా ఇంటికి పరుగెత్తాను. ముందు తలుపు తీసి, గుమ్మం దగ్గర ఆగకుండా, పేరు పెట్టి కేకవేయాలని కూడా తట్టక, బూట్లు టకటకలాడిస్తూ హాల్లోకి దూసుకెళ్లాను.

అంతే. ఇంటి కప్పు ఎగిరిపోయేలా మొరుగుడు వినిపించింది. మెట్ల మొదట్లో మా కుక్క, మెడమీద బొచ్చు నిక్కబొడుచుకుని, నాకు అడ్డంగా నిలబడి ఉంది. మా ఇంట్లో బూట్లతో అలా దూసుకొచ్చిన మనిషిని అది ఎన్నడూ చూడలేదు పాపం. నేను గోడకు అతుక్కుపోయాను.

మేడమీద గది తలుపు తెరుచుకుంది. "ఎవరది?" అని గట్టిగా వినిపించింది మా అమ్మాయి గొంతు. వెంటనే చకచకా మెట్లు దిగుతున్న అడుగుల చప్పుడు.

"అమ్మా, నువ్వా! షూస్ వేసుకొని వచ్చావు కదా, అందుకే అది అరిచింది!" అంటూ వచ్చి కుక్క మెడ నిమిరింది. అది తప్పు చేసినట్టు తోక ఊపింది.

"ఆంటీ ఇంటికి ఎందుకు వెళ్లలేదే?" అన్నాను.

"దానికి బాత్రూమ్ వస్తుంది కదమ్మా. మార్నింగ్ నుంచి లోపలే ఉంటుంది. ఎవరో ఒకళ్లు డోర్ తీయాలి కదా. ఫస్ట్ డే భయం వేసింది. ఇప్పుడు ఓకే."

నాకు ఇంకొకటి అడగాలనిపించింది. "మరి అది అంతగా మొరుగుతుంటే, నువ్వు క్లోజెట్‌లోకి వెళ్లకుండా కిందికెందుకు వచ్చావు?"

నా ప్రశ్న మా అమ్మాయికి వింతగా తోచినట్టుంది.

"మన ఇంట్లోకి ఎవరో వచ్చారు కదా. చూడటానికి వచ్చాను" అంది.

నేను అక్కడే మెట్టుమీద కూలబడి, పిల్లను ఒళ్లోకి లాక్కుని, తనివితీరా ఏడ్చాను.