మా వదిన కాచే ఎర్ర బంగారం

మా వదిన ఒంటిమీద గురివింద గింజంత బంగారం ఉండదు గానీ, పనికి వెళ్లిందంటే బంగారం కాస్తూనే ఉండేది. వదిన అంటే మా ఆయనకు అక్క, మాతోనే ఉంటుంది. గర్భపరీక్ష పట్టీలు తయారుచేసే చోట పని. అక్కడ అందరూ ఆవిడను బంగారమ్మ అంటారు. ఆ పేరు విన్న రోజు పడీ పడీ నవ్వాను. ఆవిడ నోరు తెరిస్తే రాలేవి నిప్పులు మరి!

ఒకసారి నన్ను తీసుకెళ్లి చూపించింది. గాజు కుప్పెలో మరిగే నీళ్లలో బంగారం కరిగించిన లేత పసుపు ద్రావణం పోసి, ఇంకేదో మందు కలిపింది. చూస్తుండగానే పసుపు పోయింది, నల్లబడింది, చివరికి దానిమ్మ రసంలా ఎర్రగా తేలింది.

"ఇదేంటి వదినా, బంగారం పచ్చగా కదా ఉండాలి?"

"కంటికి ఆననంత నలుసులైతే ఎర్రగానే ఉంటుంది. ఆ నలుసులకి ఒక ప్రోటీన్ అంటిస్తాం. కడుపుతో ఉన్నవాళ్ల మూత్రంలో హార్మోన్ ఉంటుంది చూడు, దాన్ని అది పట్టేసుకుంటుంది. పట్టీ మీద గీత దగ్గరికి వచ్చి అన్నీ ఆగిపోతాయి. నువ్వు చూసే ఎర్ర గీత ఈ బంగారమే. ఏయ్, కుప్పె ముట్టుకోకు! చేతి ఉప్పు తగిలినా నీలమైపోతుంది!"

తర్వాత ఆవిడను తనిఖీకి మార్చారు. పట్టీకి రెండు గీతలు. పట్టీ బాగుందని చెప్పే గీత ఎప్పుడూ పడుతుంది, కడుపు సంగతి చెప్పే గీత హార్మోన్ ఉంటేనే పడుతుంది. ప్రతి సరుకులోంచీ కొన్ని పట్టీలు తీసి, హార్మోన్ కలిపిన నీళ్లలో ముంచి, వెలుతురుకు ఎత్తి చూస్తుంది. గీత పలచగా ఉంటే "మసక" అని బుట్టలోకి విసిరేస్తుంది. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. నేను ఉతికిన తువ్వాళ్లు మసక, తోమిన గ్లాసులు మసక. నేను బట్టలు కుట్టేదాన్ని, నా కుట్లు కూడా మసకేనట! ఒళ్లు మండిపోయేది.

పెళ్లయి చాలా ఏళ్లయినా మాకు పిల్లల్లేరు. తిరగని ఆసుపత్రి లేదు. ఈసారి కాకపోతే ఇక చాలని ఆయనా నేనూ అనుకున్నాం. ఆ మాట పైకి తేలిగ్గానే అన్నాను.

ఆ ఆదివారం పొద్దున్నే పరీక్ష చేసుకున్నాను. చూసే ధైర్యం లేక పట్టీ వదిన చేతిలో పెట్టాను. కిటికీ దగ్గరికి వెళ్లి ఎత్తి చూసింది. "మసక" అని చెత్తబుట్టలో పడేసింది.

 నాకు కోపం నషాళానికి అంటింది.

"నా బతుకు కూడా నీకు సరుకేనా వదినా? చూసి చెప్పమంటే విసిరేస్తావా!"

 వదిన ఒక్క కేక పెట్టి బుట్ట మీద పడింది.

"అయ్యో, నా చెయ్యి పడిపోను! అక్కడ మసకైతే పట్టీ చెడ్డట్టే. నీకు మసకైనా గీత గీతేనే!"

ఉల్లితొక్కల్లోంచి పట్టీ పైకి తీసి, తుడిచి, మళ్లీ చూసింది. రెండో గీత ఉంది, లేత గులాబీ రంగులో. అయినా ఆవిడకు అంత తేలిగ్గా నమ్మకం కుదురుతుందా? అదే డబ్బాలోంచి ఇంకో రెండు పట్టీలు తీసింది.

"రెండోది ఎవరికి?" అన్నాను.

"వాడికి!"

మా ఆయన సగం గడ్డం గీసుకుని, మిగతా సగం నురగతో బయటికి వచ్చాడు. "నాకెందుకక్కా?"

"సరుకంతా చెడి అందరికీ రెండేసి గీతలు పడుతుంటే? కడుపు లేదని ఖాయంగా తెలిసిన మనిషి ఒకడు కావాలి. నువ్వు దొరికావు, పద!"

గొణుక్కుంటూ వెళ్లాడు, ఏం చేస్తాడు పాపం. ఆ తర్వాత ముగ్గురం కిటికీ గట్టు మీదికి వంగాం. నా పట్టీకి రెండు గీతలు, ఆయన పట్టీకి ఒక్కటే.

"ఒరేయ్, నీకు కడుపు లేదురా" అని ప్రకటించింది వదిన.

ఆయన నవ్వడం మొదలుపెట్టి ఏడ్చేశాడు. నురగంతా నా భుజానికి అంటింది.

"కానీ ఇంత పలచగా ఉందే వదినా?" అన్నాను.

"కడుపు నిలిస్తే హార్మోన్ పెరిగి గీత చిక్కబడుతుంది. నాలుగు రోజులాగు."

ఆ రోజులెలా గడిపానో నాకే తెలియదు. కుట్టిన జాకెట్టు చేతులనే మళ్లీ విప్పి కుట్టాను. వదిన మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు, దానికే మరింత భయం వేసింది.

మళ్లీ పట్టీ ముంచిన పొద్దున, వదినను పిలిచి చేయి చాచాను. అందుకోలేదు. రోజంతా గీతలే చూసే మనిషి, గోడవైపు తిరిగి కళ్లు గట్టిగా మూసుకుంది.

"నా వల్ల కాదే. నువ్వే చూసి చెప్పు."

నేనే చూశాను.

"ఎర్రగా ఉంది వదినా. చిక్కగా ఉంది."